హెర్మన్ కోన్

హెర్మన్ లుడ్విగ్ కోన్ (జూన్ 4, 1838 - సెప్టెంబరు 11, 1906) జర్మనీకి చెందిన ప్రముఖ నేత్రవైద్యుడు, ఆచార్యుడు, రచయిత. పాఠశాల ఆరోగ్యశాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకడు. బ్రెస్లావ్ నగరంలోనూ దాని పరిసర గ్రామాలలోనూ 10,060 మంది బడిపిల్లల కళ్ళను పరీక్షించి, చదువు పెరిగేకొద్దీ పిల్లలలో హ్రస్వదృష్టి కూడా పెరుగుతున్నదని 1867లో అంకెలతో నిరూపించాడు. హ్రస్వదృష్టి అనగా దగ్గరి వస్తువులు స్పష్టంగా, దూరపు వస్తువులు మసకగా కనిపించే లోపము. అంతవరకు దీనిని పుట్టుకతో వచ్చిన విషయంగానో, పండితులకు సహజమైన లక్షణంగానో భావించేవారు. బడి నడిచే తీరును మార్చి దీనిని కొంతవరకైనా నివారించవచ్చునని కోన్ వాదించాడు. నేడు పిల్లలలో హ్రస్వదృష్టి పెరుగుదలను మందగింపజేయడానికి వాడుతున్న చుక్కల మందు, ఆరుబయట ఆటలు వంటి పద్ధతుల వెనుక ఉన్న మూలప్రశ్నను మొదట స్పష్టంగా లేవనెత్తినవాడు ఇతడే.

బాల్యము, విద్యాభ్యాసము

కోన్ ప్రష్యా రాజ్యంలోని సైలీషియా రాష్ట్ర ముఖ్యపట్టణమైన బ్రెస్లావ్‌లో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. రెండవ ప్రపంచయుద్ధానంతరం 1945లో ఈ నగరం పోలండ్‌లో చేరింది. ఇప్పుడు దీనిని వ్రోత్స్వావ్ అని పిలుస్తున్నారు.

కోన్ మొదట చదివినది వైద్యం కాదు. బ్రెస్లావ్, హైడెల్‌బెర్గ్ విశ్వవిద్యాలయాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు అభ్యసించి 1860లో డాక్టరేటు పొందాడు. ఆ కాలంలో హైడెల్‌బెర్గ్‌లో బున్సెన్, కిర్కాఫ్, హెల్మ్‌హోల్ట్జ్ వంటి మహామహులు బోధించేవారు. వీరిలో హెల్మ్‌హోల్ట్జ్ 1851లో కంటి లోపలి భాగాన్ని చూడటానికి వీలు కల్పించే నేత్రదర్శినిని కనిపెట్టి నేత్రవైద్యాన్ని కొత్త దారి పట్టించిన శాస్త్రవేత్త. తరువాత కోన్ వైద్యవిద్య వైపు మరలి, 1863లో బెర్లిన్‌లో వైద్యపట్టా అందుకున్నాడు. స్వస్థలానికి తిరిగివచ్చి ప్రసిద్ధ నేత్రవైద్యుడు రిచర్డ్ ఫోర్‌స్టర్ వద్ద 1866 వరకు సహాయకునిగా పనిచేశాడు. అనంతరం సొంతంగా కంటి వైద్యశాల నెలకొల్పాడు. 1868 నుండి బ్రెస్లావ్ విశ్వవిద్యాలయంలో బోధించాడు. 1874లో అక్కడే ఆచార్యుడయ్యాడు.

కొలత లేనిదే నిర్ధారణ లేదన్న భౌతికశాస్త్ర శిక్షణ ఇతని వైద్యంలో చివరివరకు కనిపిస్తుంది. కాంతిని, అక్షరం ఎత్తును, బల్ల ఎత్తును, గది కిటికీ వైశాల్యాన్ని కూడా ఇతడు కొలిచి చూసిన తరువాతనే అభిప్రాయం చెప్పేవాడు.

10,060 మంది పిల్లల పరీక్ష

చదువుకూ హ్రస్వదృష్టికీ సంబంధమున్నదన్న అనుమానం కోన్‌కు ముందు కూడా ఉన్నది. లండన్‌కు చెందిన జేమ్స్ వేర్ అనే వైద్యుడు 1813లోనే ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులలో ఈ లోపం తరచుగా కనిపిస్తున్నదని, కాల్బలపు సైనికులలో చాలా అరుదని గమనించాడు. అయితే వేలాదిమంది పిల్లలను తరగతులవారీగా పరీక్షించి చూసినవారు లేరు. 1862లో హాలండ్ దేశస్థుడైన స్నెల్లెన్ దృష్టిని కొలిచే అక్షరాల పటాన్ని తయారుచేయడంతో ఇటువంటి పరీక్షకు అనువైన సాధనం లభించింది.

కోన్ 1865, 1866 సంవత్సరాలలో ముప్పైకి పైగా పాఠశాలలు తిరిగి ఈ పని పూర్తిచేశాడు. పల్లెబడులు మొదలుకొని లాటిన్, గ్రీకు భాషలు బోధించే జిమ్నేజియం అనే ఉన్నత పాఠశాలల వరకు అన్ని రకాల బడులూ ఇందులో ఉన్నవి. పరీక్షించిన పిల్లలలో మొత్తం మీద సుమారు పదోవంతుకు హ్రస్వదృష్టి ఉన్నట్లు తేలింది. కానీ ఈ సగటు కన్నా అది బడిని బట్టి మారిన తీరే ముఖ్యమైనది. పల్లెబడులలో హ్రస్వదృష్టి గల పిల్లలు 1.4 శాతం. పట్టణ ప్రాథమిక పాఠశాలలలో 6.7 శాతం. మాధ్యమిక పాఠశాలలలో 10.3 శాతం. విజ్ఞానశాస్త్రాలు, ఆధునిక భాషలు బోధించే రియల్ పాఠశాలలలో 19.7 శాతం. జిమ్నేజియం పాఠశాలలలో 26.2 శాతం.

ఒకే బడిలో కింది తరగతి నుండి పై తరగతికి పోయేకొద్దీ కూడా ఇదే క్రమం కనిపించింది. జిమ్నేజియం మొదటి తరగతిలో ఎనిమిది మందిలో ఒకరికి హ్రస్వదృష్టి ఉండగా, చివరి తరగతికి వచ్చేసరికి సగం మందికి పైగా ఈ లోపం ఏర్పడింది. వారి కళ్ళజోళ్ళ పవరు కూడా తరగతితోపాటు పెరుగుతూ వచ్చింది. విశ్వవిద్యాలయ విద్యార్థులను పరీక్షించినప్పుడు కూడా సగం కన్నా ఎక్కువ మంది హ్రస్వదృష్టి గలవారేనని తెలిసింది.

ఒక్కసారి చేసిన లెక్కింపు మాత్రమే చాలదని కోన్‌కు తెలుసు. అందువలన కొన్ని సంవత్సరాల తరువాత ఒక జిమ్నేజియం విద్యార్థులను పరీక్షించి, ఏడాదిన్నర గడిచాక వారిలో అందుబాటులో ఉన్నవారిని మళ్ళీ పరీక్షించాడు. మొదట మంచి చూపు ఉన్నవారిలో కొందరికి ఈలోగా హ్రస్వదృష్టి వచ్చింది. మొదటే ఈ లోపం ఉన్నవారిలో చాలామందికి అది ఇంకా పెరిగింది. హ్రస్వదృష్టి ఒకచోట నిలిచిపోయేది కాదని, బాల్యంలో అది ముందుకు సాగే స్వభావం కలదని దీనివలన స్పష్టమైంది.

ఇది కేవలం కళ్ళజోడుతో తీరిపోయే సమస్య కాదు. హ్రస్వదృష్టిలో సాధారణంగా కనుగుడ్డు ముందు నుండి వెనుకకు సాగుతుంది. దానివలన దూరపు వస్తువు ప్రతిబింబం నేత్రపటలం మీద కాక దానికి ముందే ఏర్పడుతుంది. పుటాకార కటకం ఆ ప్రతిబింబాన్ని సరిచేస్తుంది గానీ సాగిన కంటిని తిరిగి కుదించలేదు. ఎక్కువగా సాగిన కంటిలో నేత్రపటలం పలుచబడి, నడివయసులోనో ఆ తరువాతనో అది ఊడిపోవడం, దాని మధ్యభాగం క్షీణించడం వంటి ప్రమాదాలు పెరుగుతాయి. బడిలో చేరినపుడు మంచి కళ్ళతో వచ్చిన బిడ్డ చదువు ముగించి వెళ్ళేనాటికి ఈ ప్రమాదాన్ని వెంట తీసుకుపోవడం కోన్‌ను కలవరపరచింది.

వెలుతురు, బల్లలు, అచ్చు అక్షరాలు

తన లెక్కలతోపాటే కోన్ బడులలో చేయవలసిన మార్పులను కూడా సూచించాడు. ఇరుకు వీధులలో, ఎత్తైన భవనాల నీడలో ఉన్న చీకటి బడులలో హ్రస్వదృష్టి ఎక్కువగా ఉన్నదని అతడు గమనించాడు. తరగతి గది నేల ప్రతి ఐదు చదరపు అడుగులకు కనీసం ఒక చదరపు అడుగు కిటికీ అద్దం ఉండాలని ప్రతిపాదించాడు. పిల్లల ఎత్తుకు సరిపడని బల్లల వలన వారు పుస్తకం మీదికి వంగిపోతున్నారని, వయసుకు తగిన బల్లలు చేయించాలని కోరాడు.

అచ్చు విషయంలోనూ ఇతడు కొలబద్ద చేతపట్టాడు. పాఠ్యపుస్తకాలలోని చిన్న అక్షరాల ఎత్తు 1.5 మిల్లీమీటర్లకు తగ్గకూడదని, పంక్తుల నడుమ తగినంత ఎడం ఉండాలని సూచించాడు. పుస్తకాలు, వార్తాపత్రికలు ఎట్లా అచ్చువేయాలన్న విషయంపై 1903లో మరొకరితో కలిసి ప్రత్యేకంగా ఒక గ్రంథం వెలువరించాడు. అక్షరం కింద వత్తులు, పైన గుడులు చేరే మన తెలుగు లిపికి ఈ పంక్తుల ఎడం మరింత అవసరమన్నది ఇక్కడ గమనించదగిన విషయం.

ఈ ఆలోచనలన్నింటినీ క్రోడీకరించి 1883లో పాఠశాలలలో నేత్రారోగ్యం గురించి ఒక గ్రంథం ప్రచురించాడు. ఇది 1886లో ఆంగ్లంలోకి అనువాదమై ఐరోపా వెలుపల కూడా పేరుపొందింది. 1892లో నేత్రారోగ్యశాస్త్రంపై పెద్ద పాఠ్యగ్రంథం రచించాడు.

అట్రోపిన్‌తో పరిశీలన

కోన్ జీవితంలో అట్రోపిన్ చుక్కల మందుకు ఒక ప్రత్యేక స్థానం ఉన్నది. బెల్లడొన్నా అనే మొక్క నుండి 1830వ దశకంలో వేరుచేసిన రసాయనం అట్రోపిన్. మనకు పరిచితమైన ఉమ్మెత్త కూడా ఈ మొక్క కుటుంబానికి చెందినదే. అందులోనూ ఇటువంటి రసాయనాలు ఉంటాయి. అట్రోపిన్ కంటిలో వేస్తే కనుపాప పెద్దదవుతుంది. దగ్గరి చూపు కోసం కటకాన్ని సర్దే కండరం కొంతకాలం పనిచేయకుండా విశ్రమిస్తుంది.

పిల్లల కళ్ళలో ఈ సర్దుబాటు కండరం బలంగా ఉంటుంది. అది బిగుసుకొని ఉన్నపుడు హ్రస్వదృష్టి లేని పిల్లవానికి కూడా ఉన్నట్లు పరీక్షలో కనిపించవచ్చు. కోన్ సైలీషియాలోని ష్రైబర్‌హావ్ అనే కొండ ప్రాంతపు పల్లెకు పోయి అక్కడి బడిపిల్లల కళ్ళలో అట్రోపిన్ వేసి పరీక్షించి, ఆ ఫలితాలను 1871లో ప్రకటించాడు. కండరం విశ్రమించిన తరువాత చూస్తే పల్లెపిల్లలలో అత్యధికులు హ్రస్వదృష్టికి విరుద్ధమైన దీర్ఘదృష్టి వైపు కొద్దిగా మొగ్గి ఉన్నారు. పసివయసులో కంటి సహజస్థితి అదేనని, హ్రస్వదృష్టి తరువాత ఏర్పడుతున్నదని ఈ పరిశీలన బలపరచింది. చిన్నపిల్లలకు చుక్కలు వేసి పవరు నిర్ణయించే నేటి పద్ధతిలోని కారణం కూడా ఇదే.

ఉపాధ్యాయుల చేత పరీక్ష

వైద్యులు మాత్రమే బడిపిల్లలందరినీ పరీక్షించడం అసాధ్యమని గ్రహించిన కోన్, ఉపాధ్యాయులు ఉపయోగించదగిన సులభమైన దృష్టి పరీక్షాపటాలను రూపొందించాడు. వాటి సహాయంతో బ్రెస్లావ్ ఉపాధ్యాయులు ఆరుబయట, పగటి వెలుతురులో పిల్లల చూపును పరీక్షించారు. ఈ విధంగా 50,000 మందికి పైగా పిల్లల వివరాలు సేకరించి 1899లో ప్రచురించాడు. ఒక నగరంలోని ఉపాధ్యాయులందరినీ ఆరోగ్య పరిశోధనలో భాగస్వాములను చేసిన తొలి పెద్ద ప్రయత్నాలలో ఇది ఒకటి.

ప్రతి బడికీ ఒక వైద్యుడు ఉండాలని, తరగతి గది వెలుతురు మొదలుకొని పిల్లల కళ్ళ వరకు పర్యవేక్షించే అధికారం అతనికి ఉండాలని కోన్ దశాబ్దాలపాటు వాదించాడు. పాఠశాలల యాజమాన్యాలకు ఇది మొదట రుచించలేదు. అయినా 19వ శతాబ్దం చివరినాటికి వీస్‌బాడెన్ వంటి జర్మన్ నగరాలు పాఠశాల వైద్యులను నియమించసాగినవి.

ఇతర కృషి, కుటుంబము

1870-71 నాటి ఫ్రాన్స్-ప్రష్యా యుద్ధంలో కంటికి తగిలిన తుపాకి గాయాల గురించి కోన్ 1872లో ఒక గ్రంథం ప్రచురించాడు. పుట్టుకతో వచ్చే వర్ణాంధత్వాన్ని పరిశీలించాడు. నవజాత శిశువులను అంధులను చేసే కంటి చీము వ్యాధిని నివారించడానికి జరిగిన ప్రచారంలో ముందు నిలిచాడు.

కోన్ కుమారుడు ఎమిల్ లుడ్విగ్ (1881 - 1948) నెపోలియన్, గేటే, బిస్మార్క్ వంటి వారి జీవితచరిత్రలు రచించి ప్రపంచప్రసిద్ధుడయ్యాడు. నేడు సాధారణ పాఠకులకు తండ్రి కన్నా కుమారుని పేరే ఎక్కువగా తెలుసు. హెర్మన్ కోన్ 1906 సెప్టెంబరు 11న బ్రెస్లావ్‌లోనే మరణించాడు.

కోన్ తరువాత

బిగుసుకున్న కండరానికి విశ్రాంతినిస్తే హ్రస్వదృష్టి ఆగుతుందేమోనన్న ఆశతో కోన్ కాలంలోనే కొందరు అట్రోపిన్‌ను చికిత్సగా వాడి చూశారు. అమెరికాలోని బోస్టన్‌కు చెందిన హాస్కెట్ డెర్బీ 1874లో దీనిని గురించి వ్రాశాడు. అయితే ఘాటైన మందు వేసిన పిల్లలు ఎండలోకి చూడలేకపోయేవారు, దగ్గరి అక్షరాలు చదవలేకపోయేవారు. అందువలన ఈ పద్ధతి చాలాకాలం విస్తృతంగా వాడుకలోకి రాలేదు.

సింగపూర్‌లో 400 మంది పిల్లలపై జరిపిన అధ్యయనం 2006లో వెలువడడంతో ఈ మందు మళ్ళీ చర్చలోకి వచ్చింది. ఒక శాతం అట్రోపిన్ వేసిన కళ్ళలో రెండు సంవత్సరాలకు పెరిగిన హ్రస్వదృష్టి సగటున 0.28 డయాప్టర్లు. మందులేని చుక్కలు వేసిన పిల్లల కళ్ళలో అది 1.20 డయాప్టర్లు. 2012లో అదే బృందం ఇంకా పలుచని మోతాదులను పరీక్షించి, 0.01 శాతం మందుతో దుష్ఫలితాలు చాలా తక్కువని తెలిపింది. ఘాటైన మోతాదు ఆపగానే హ్రస్వదృష్టి మళ్ళీ వేగంగా పెరగడం కూడా ఈ పరిశోధనలలోనే బయటపడింది. 2019లో ప్రచురితమైన హాంకాంగ్ అధ్యయనంలో 0.05 శాతం మోతాదు 0.01 శాతం కన్నా బాగా పనిచేసింది. భారతీయ పిల్లలపై జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనంలో 0.01 శాతం మందు ఒక సంవత్సరంలో పెరుగుదలను సుమారు సగానికి తగ్గించింది. అమెరికాలో 2023లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో మాత్రం అదే 0.01 శాతం మందు వలన ప్రయోజనం కనిపించలేదు. కనుక ఏ బిడ్డకు ఏ మోతాదు సరిపోతుందన్న విషయం ఇంకా చర్చలోనే ఉన్నది.

ఈ మందు సర్దుబాటు కండరానికి విశ్రాంతినివ్వడం వలన పనిచేస్తుందని పూర్వం భావించేవారు. కోడిపిల్లలపై జరిపిన ప్రయోగాలు ఈ అభిప్రాయాన్ని మార్చినవి. వాటి కంటి సర్దుబాటు కండరంపై అట్రోపిన్‌కు ప్రభావం లేకపోయినా కనుగుడ్డు సాగడం తగ్గింది. కాబట్టి మందు నేత్రపటలం లేక కంటి తెల్లగుడ్డు పొరల మీద పనిచేస్తున్నదని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

చుక్కల మందు వచ్చిన సైటును పోగొట్టదు, పెరిగే వేగాన్ని మాత్రమే తగ్గిస్తుంది. మందు వాడుతున్నా కళ్ళజోడు అవసరమే. దీనిని నేత్రవైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి. ఆపవలసినపుడు కూడా వైద్యుని సలహా తీసుకోవాలి. అట్రోపిన్ నోటిలోకి పోతే విషం కాబట్టి సీసాను పిల్లలకు అందకుండా ఉంచాలి. ఉమ్మెత్త వంటి మొక్కల పసరు కంటిలో వేయడం అత్యంత ప్రమాదకరం.

తెలుగునాట

కోన్ వేసిన ప్రశ్ననే తెలుగునాట కూడా పరిశోధకులు వేసి చూశారు. 1987లో హైదరాబాదులో ప్రారంభమైన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు చెందిన పరిశోధకులు మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలలో 7 నుండి 15 సంవత్సరాల వయసు గల 4,000 మందికి పైగా పిల్లలను పరీక్షించి 2002లో ఫలితాలు ప్రచురించారు. వారిలో సుమారు 4.1 శాతం మందికి హ్రస్వదృష్టి ఉన్నది. చూపు తగ్గిన కళ్ళలో సగానికి పైగా కళ్ళజోడుతో సరిచేయదగిన లోపాలే కారణమని తేలింది. అదే సంవత్సరం వెలువడిన ఢిల్లీ నగర అధ్యయనంలో 5 నుండి 15 సంవత్సరాల పిల్లలలో హ్రస్వదృష్టి 7.4 శాతం. రెండు అధ్యయనాల వయోపరిమితులు వేరైనా, పల్లెకూ పట్టణానికీ మధ్య కోన్ చూసిన తేడా మన దేశంలోనూ కనిపిస్తున్నది.

ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చి బడిలోనే పిల్లల చూపును ప్రాథమికంగా పరీక్షింపజేసే పద్ధతిని జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం అనుసరించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 అక్టోబరు 10న అనంతపురంలో ప్రారంభించిన వై.ఎస్.ఆర్. కంటి వెలుగు పథకం మొదటి దశలలో బడిపిల్లలనే పరీక్షించారు. హైదరాబాదు మెహదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి పేద కుటుంబాల పిల్లలకు అందుబాటులో ఉన్న ముఖ్య వైద్యశాల.

పరీక్షించి కళ్ళజోడు ఇవ్వడం అవసరమే గానీ, లోపం రాకుండా చూడటం మరొక పని. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో జరిగి 2008లో ప్రచురితమైన అధ్యయనం ఆరుబయట ఎక్కువ సమయం గడిపే పిల్లలలో హ్రస్వదృష్టి తక్కువని చూపింది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో కొన్ని బడులలో రోజుకు 40 నిమిషాల ఆరుబయటి తరగతి అదనంగా చేర్చారు. 2015లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం మూడు సంవత్సరాలలో ఆ బడులలో 30.4 శాతం మందికి, ఇతర బడులలో 39.5 శాతం మందికి కొత్తగా హ్రస్వదృష్టి వచ్చింది. ఈ ఉపాయానికి మందు అవసరం లేదు, ఆటస్థలం మాత్రం కావాలి. హైదరాబాదులోని మలక్‌పేట, సైదాబాద్, సంతోష్‌నగర్ వంటి ప్రాంతాలలో నివాస భవనాలలోనే నడిచే ప్రైవేటు పాఠశాలలకు, తెల్లవారుజాము నుండి రాత్రి వరకు ప్రవేశ పరీక్షల శిక్షణనిచ్చే వసతి కళాశాలలకు ఇది తేలికగా తీరే అవసరం కాదు.

అంచనా

కోన్ చెప్పినవన్నీ నిలవలేదు. బల్ల ఎత్తుకు, వంగి కూర్చోవడానికి అతడిచ్చినంత ప్రాధాన్యం నేటి పరిశోధకులు ఇవ్వడం లేదు. తల్లిదండ్రుల నుండి సంక్రమించే లక్షణాల పాత్ర అతడు అనుకున్నదానికన్నా ఎక్కువని తరువాత తెలిసింది. చదువు కారణంగా హ్రస్వదృష్టి వస్తున్నదా, లేక చదివే పిల్లలు ఆరుబయట తిరగకపోవడం వలన వస్తున్నదా అన్న భేదం అతని లెక్కలలో తేలలేదు.

అయినా అతని మౌలిక నిర్ణయం చెక్కుచెదరలేదు. హ్రస్వదృష్టి పుట్టుకతోనే తీర్మానమైపోదు. అది బడి సంవత్సరాలలో ఏర్పడుతుంది, ఆ సంవత్సరాలలోనే పెరుగుతుంది. కాబట్టి అరికట్టవలసినదీ అప్పుడే. వెలుతురు గురించి అతడు పట్టుబట్టినది కూడా పూర్తిగా వృథా కాలేదు. తరగతి గదిలోకి రప్పించాలని అతడు కోరిన పగటి వెలుగు పిల్లల కళ్ళకు మేలు చేస్తుందని నేటి పరిశోధనలు సూచిస్తున్నవి. అయితే అది ఎక్కువగా దొరికేది గది వెలుపల. చుక్కల మందు పెరుగుతున్న లోపాన్ని నెమ్మదింపజేసే ఒక సాధనం మాత్రమే. పిల్లవానికి చూపు తగ్గిన సంగతి సకాలంలో గుర్తించే ఉపాధ్యాయుడు, ఆటల పీరియడును తీసివేయని బడి లేనిచోట ఆ మందు కూడా ఆలస్యంగానే అందుతుంది.